మొదటి విస్తరి

లోకంలోని మనుషులందరినీ నెలకొకసారి నవ్వి వదిలేయడం సత్తిరాజు పని. పగలు రాజమండ్రి మునసబు కోర్టులో గుమాస్తా, మిగిలిన వేళ రచయిత. ఆ ఊళ్ళో అచ్చయ్యే ఒక మాసపత్రికలో ‘అరుగు మీద మాటలు’ అని నాలుగు పుటలు రాసేవాడు. సాక్ష్యం చెప్పడానికి అరువు పంచె కట్టుకొచ్చే ఆసామి, ఎదుటివాడు జబ్బు చెప్పుకోబోతే మధ్యలో అందుకుని తన జబ్బు ఏకరువు పెట్టే పెద్దమనిషి, పక్కింట్లో దొంగలు పడితే ‘అయ్యో’ అంటూనే ఏమేం పోయాయో ఆరా తీసే ఇల్లాలు, అందరూ అందులోకి వచ్చేవారు. ఎవరి మీదా కసి ఉండేది కాదు. మనుషులు ఇంతే, మనమూ ఇంతే అన్న ధోరణి. చదివినవాళ్ళు ‘ఎంత పెద్ద మనసండీ’ అనేవారు.

అదే పత్రికలో వెనక పుటల్లో అతని నవల నెలనెలా వచ్చేది. ఆ నవల మాత్రం ఒకే ఒక్క మనిషిని సిగ్గుతో చంపడానికి రాస్తున్నాడు. పెద్ద మనసు నాలుగో పుటతో సరి.

ఆ మనిషి పేరు భీమరాజు. ధవళేశ్వరం నుంచి కాలవ వెంట పడవ మీద ఒక పూట ప్రయాణం చేస్తే గంగలపాలెం వస్తుంది. అక్కడ ఆయన ఔనంటే ఔను, కాదంటే కాదు. పన్నెండేళ్ళ కిందట, రైలు ఇంకా రాని రోజుల్లో, ధవళేశ్వరంలో ఒక బంధువులింట పెళ్ళి జరిగింది. సత్తిరాజుకి అప్పుడు ఇరవయ్యారేళ్ళు. దానికి నెల ముందు రాజమండ్రిలో ఒక వితంతువుకి పెళ్ళి చేస్తుంటే, ఎలా చేస్తారో చూద్దామని వెళ్ళాడు. అక్కడ మెతుకు ముట్టలేదు. పోతూ పోతూ తాంబూలం పుచ్చుకున్నాడు. రెండు తమలపాకులు, ఒక వక్క. చేసిన నేరమంతా అదే.

ధవళేశ్వరం పెళ్ళిలో వంట సత్తిరాజు తల్లిది. భర్త పోయిన మనిషి. బంధువుల ఇళ్ళలో శుభకార్యాలకు మడికట్టుకుని వండిపెట్టడమే ఆవిడకున్న గొప్ప. ఆవిడ గుమ్మడికాయ పులుసు పెడితే భోంచేసి పడుకున్నవాళ్ళకు కూడా మళ్ళీ ఆకలి వేస్తుందని చెప్పుకునేవారు. అరవై మంది పంక్తి. అందరూ విస్తళ్ళ చుట్టూ నీళ్ళు తిప్పారు. పప్పులో నెయ్యి పడింది. అప్పుడు భీమరాజు లేచి నిలబడ్డాడు.

“విధవ పెళ్ళిలో తాంబూలం పుచ్చుకొచ్చినవాడు మన పంక్తిలో ఉన్నాడు. ఈ అన్నం నాకొద్దు,” అన్నాడు.

ఆ రోజుల్లో పంక్తి నియమం పసిపిల్లలకు కూడా తెలుసు. ఒక్కడు మధ్యలో లేస్తే మిగిలినవాళ్ళ విస్తళ్ళూ ఎంగిలైనట్టే. ఇక ఎవరూ ముద్ద ఎత్తకూడదు, అందరూ లేవవలసిందే. లేచారు. అరవై మందీ నిలబడి ఉంటే, చేతిలో పప్పన్నం ముద్దతో సత్తిరాజు ఒక్కడే కింద కూర్చుని ఉన్నాడు. ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. పెరట్లోకి వెళ్ళి చేతులు కడుక్కుని ఎవరి దారిన వాళ్ళు పోయారు. వంటింటి గుమ్మంలో పులుసు గిన్నెతో తల్లి నిలబడి ఉంది. ఆవిడ పక్కన నేతి గిన్నెతో కోడలు పాపాయమ్మ.

ఆ రోజుతో పడిన వెలి రెండేళ్ళకే సడలిపోయింది. వెలివేసినవాళ్ళే కోర్టు కాయితాల పని పడి సత్తిరాజు అరుగెక్కడం మొదలుపెట్టారు. మనిషికి పని పడితే మైల కనబడదు. కానీ ఆ తల్లి చేత మళ్ళీ ఎవరూ వండించుకోలేదు. ఆవిడ ఇంట్లో కూడా ఆ పులుసు మళ్ళీ పెట్టలేదు. నాలుగేళ్ళకి జ్వరంతో పోయింది. ఆఖరి రెండు రోజులూ కళ్ళు తెరిచినప్పుడల్లా ఒకటే అడిగేది.

“అందరూ తిన్నార్రా?”

“తిన్నారమ్మా,” అని సత్తిరాజు అబద్ధం చెప్పేవాడు. అబద్ధం చెప్పిన ప్రతిసారీ లోపల ఒకటే మాట అనుకునేవాడు. భీమరాజు ఇంట్లో, భీమరాజు శుభకార్యంలో, మొదటి విస్తరి ముందు తను కూర్చోవాలి. నెయ్యి పడగానే తను లేవాలి. పంక్తి మొత్తం లేవాలి. అది భీమరాజు చూడాలి. ఇంకేమీ అక్కర్లేదు. పాముకి పగ అని ఊరికే పేరు గానీ, కడుపు నిండిన పాము పడుకుంటుంది. సత్తిరాజు పగ ఎనిమిదేళ్ళయినా కన్ను మూయలేదు.

నవలలో దుష్టుడి పేరు భుజంగరావు. పేరొక్కటే మార్చాడు. వెండి మూతగల ముక్కుపొడుం డబ్బీ, మాట్లాడేముందు ఎడమ కనుబొమ ఎగరేయడం, ఎంత పెద్దవాణ్ణయినా ‘ఒరే అబ్బీ’ అనడం, అన్నీ భీమరాజువే. పదిహేను నెలలుగా ప్రకరణం తరవాత ప్రకరణం ఆ భుజంగరావుని పోట్లాటల్లో ఓడించాడు, సభల్లో నోరు మూయించాడు, చివరికి ఎడ్లబండి మీంచి బురదలో కూడా పడేశాడు. గంగలపాలెం నుంచి ఉలుకూ పలుకూ లేదు.

మాఘమాసం చివర ఒక ఉదయం అరుగు ముందు ఎవరో దగ్గారు. చూస్తే భీమరాజు. బాగా వంగిపోయాడు. కళ్ళలో శుక్లాలు. చేతికర్ర తడుముకుంటూ మెట్టెక్కి, కండువా కొసలో కట్టిన అక్షతలు విప్పాడు.

“ఫాల్గుణంలో మా మనవడి ఒడుగండి, జంధ్యం వేస్తున్నాం. తమరు దంపతులు తప్పకుండా దయచెయ్యాలి. మొదటి పంక్తిలో మొదటి విస్తరి తమదే,” అన్నాడు. ఈసారి ‘ఒరే అబ్బీ’ అనలేదు.

సత్తిరాజు అక్షతలు అందుకున్నాడు. ముసలాయన మెట్టు దిగుతూ ఆగాడు.

“నవల బాగుందండి. కళ్ళు కనబడవు కదా, మా చిన్నమ్మాయి చదివి వినిపిస్తుంది. ఆ భుజంగరావు పని ఎప్పుడు పడతారు?”

“వచ్చే నెలతో సరి,” అన్నాడు సత్తిరాజు.

ఆయన వీధి మలుపు తిరిగేదాకా ఆగి లోపలికి పరుగెత్తాడు. “ఏమే, విన్నావా! తన మొహం తనే గుర్తుపట్టలేదు! ఎదుటివాడి నుదుటి మీద బొట్టు వంకర కనబడుతుంది గానీ తన ముక్కు తనకి కనబడదని నేను రాయలేదూ?”

పాపాయమ్మ పెళ్ళయినప్పటి నుంచీ భర్త రాతలు ఒక చెవితో వింటూ రెండో చెవి పొయ్యి మీద ఉంచేది. ఈసారి రెండు చెవులూ ఇటే తిప్పింది.

“మజ్జిగ దాకా ఆగకండి,” అంది.

“ఏంటి?”

“కూర రుచి చూసి లేద్దాం అనుకుంటారేమో, మీకు పనసపొట్టు అంటే ప్రాణం. నెయ్యి పడగానే లేవండి. ఆ వేళ ఆయన లేచింది అప్పుడే. నేతి గిన్నె నా చేతిలోనే ఉంది. నేను రాను, మీరే వెళ్ళండి. చూస్తే నాకు నవ్వొస్తుందేమో.”

సత్తిరాజు ఆ వారమే నవల చివరి ప్రకరణం రాసి అచ్చాఫీసులో ఇచ్చేశాడు. అందులో హీరో భుజంగరావు ఇంట్లో పంక్తి మధ్యలో లేచి నిలబడతాడు. నూటయిరవై మందీ లేస్తారు. భుజంగరావు చేతులు జోడించి ఒక్కొక్క విస్తరి ముందూ ఏడుస్తాడు. అక్కడితో సమాప్తం. పత్రిక ఒడుగు అయిన వారానికి వస్తుంది. ఊళ్ళో జరిగింది ముందు, పుస్తకంలో చదివేది తరవాత. భీమరాజు పరువు ఒకసారి పోయి ఊరుకోకూడదు, అచ్చులో మళ్ళీ పోవాలి. ఇంత చక్కని ఏర్పాటు చేసుకున్న మనిషికి ఆకలి, నిద్ర ఏం గుర్తుంటాయి!

ఫాల్గుణంలో ధవళేశ్వరంలో పడవెక్కాడు. దారి పొడుగునా కాలవ గట్ల మీద కొబ్బరిచెట్లు, రెండో పంట దాళవా చేలు. అతను దేన్నీ చూడలేదు. తను అనబోయే మాట పెదవుల మీద వల్లె వేసుకుంటున్నాడు. పొడుగు మాటలు తీసేశాడు. రచయిత కదా, కత్తిరించడం తెలుసు. చివరికి ఒక్కటి మిగిలింది: “ఈ అన్నం నాకొద్దు.”

భీమరాజు ఇంటి ముందు తాటాకు పందిరి, ఈ చివర నుంచి ఆ చివరకి విస్తళ్ళు. అన్నట్టుగానే మొదటి విస్తరి అతనిదే. పీటకి ముగ్గు పెట్టి ఉంది. పక్క పీట మీద అమ్మిరాజని, పిఠాపురం నుంచి వచ్చి ఈ ఊళ్ళో బడి పెట్టిన పంతులు, మంచి దేహపుష్టి గలవాడు. రచయితని చూసి ఉబ్బితబ్బిబ్బయిపోయాడు. ‘అరుగు మీద మాటలు’ మొదటి నెల నుంచీ కుట్టించి దాచుకున్నానని చెప్పాడు.

వడ్డన మొదలైంది. ఆవ పెట్టిన పనసపొట్టు కూర. కందా బచ్చలి. పులిహోర. బూరెల పళ్ళెం దూరంగా వస్తోంది. పాపాయమ్మ మాట నిజమే, పనసపొట్టు వాసనకి అతని నిశ్చయం ఒక్క క్షణం కాస్త మెత్తబడింది. వెంటనే తల్లి చేతిలో పులుసు గిన్నె గుర్తొచ్చింది. మళ్ళీ గట్టిపడింది. భీమరాజు పందిరి గుంజ పట్టుకుని నిలబడి, కనబడని కళ్ళతో ఇటే చూస్తున్నాడు. అందరూ నీళ్ళు తిప్పారు. పప్పులో నెయ్యి పడింది.

సత్తిరాజు లేచి నిలబడ్డాడు.

“ఈ అన్నం నాకొద్దు!”

గొంతు తను అనుకున్నదానికంటే బాగా వచ్చింది. పందిరంతా వినబడింది. వడ్డించేవాళ్ళు ఆగారు. నూటయిరవై తలలు పైకి లేచాయి. ఎనిమిదేళ్ళు ఎదురుచూసిన క్షణం కళ్ళముందుకు వచ్చింది. సత్తిరాజు ఛాతీ నిండా గాలి పీల్చుకున్నాడు.

తలలు వంగాయి. చేతులు కదిలాయి. పప్పన్నం కలుపుతున్న చప్పుడు మొదలైంది.

“ఒంట్లో బాగులేదేమో పాపం,” అన్నాడెవరో. “కందా బచ్చలి ఇటు,” అన్నాడు ఇంకెవరో.

సత్తిరాజు అమ్మిరాజు వైపు చూశాడు. “పంతులుగారూ, నేను లేచానండి!”

“చూశానండి,” అన్నాడు అమ్మిరాజు ముద్ద మింగి.

“నేను లేస్తే మీరు తినకూడదు!”

అమ్మిరాజు మొహం విప్పారింది. పరీక్షిస్తున్నారనుకున్నాడు. “అంత మాత్రం తెలీదాండీ! రైలు వచ్చిన కొత్తలో తమరే రాశారు. ‘సామర్లకోటలో మన పక్కవాడు దిగిపోతే మన పులిహోర పొట్లం కిటికీలోంచి పారేస్తామా? పంక్తి అయినా అంతే. లేచినవాడి ఆకలి లేచినవాడిది, మన విస్తరి మనది.’ మా పిల్లలకి కంఠతా పెట్టించానండి. ఇక్కడ సగం మంది నా దగ్గర చదువుకున్నవాళ్ళే. ఏరా లోవరాజూ?”

ఎదుటి పంక్తిలో లోవరాజనే కుర్రాడు నోటినిండా పులిహోరతో తలాడించాడు.

రాశాడు. నిజమే రాశాడు. భీమరాజు మీద కోపంతోనే రాశాడు. ఆ ఆచారాన్ని వెక్కిరిస్తే భీమరాజుని వెక్కిరించినట్టేనని రాశాడు. తన రాతలు ఎవరైనా చదువుతారన్న నమ్మకం రచయితకే అందరికంటే తక్కువ. చదివి, నమ్మి, నడుచుకుంటారని అతనికి ఏ మూలా తోచలేదు. పదును పెట్టి దాచుకున్న కత్తిని తనే మూడేళ్ళ కిందట నెలకో పుట చొప్పున అరగదీసి పెట్టాడు.

లేచినవాడు మళ్ళీ అదే విస్తరి ముందు కూర్చోవడానికి లేదు. నిలబడితే నవ్వులపాలు. సత్తిరాజు పంక్తి పొడుగునా, తింటున్నవాళ్ళ ముందు నుంచి నడిచి పెరట్లోకి వెళ్ళాడు. చేతులకి అంటింది ఏమీ లేకపోయినా నూతి దగ్గర నిలబడ్డాడు. వెనక కర్ర చప్పుడైంది. భీమరాజు చెంబుతో నీళ్ళు తెచ్చాడు.

“పంక్తి లేవలేదాండి?” అన్నాడు.

సత్తిరాజు చెంబు అందుకోలేదు.

“నాకు సరిగ్గా కనబడలేదు. తినే చప్పుడు వినబడింది. తమరు నెయ్యి పడగానే లేస్తారని తెలుసండి. అందుకే అక్కడ విస్తరి వేయించేను.”

“తెలుసా?”

“భుజంగరావు నేనేనని మొదటి నెలలోనే తెలిసింది. పొడుం డబ్బీ కూడా వదల్లేదు కదండీ తమరు.” ముసలాయన చెంబు గట్టు మీద పెట్టాడు. “ఆ వేళ ధవళేశ్వరంలో నేను చేతులు కడుక్కుంటుంటే మీ అమ్మగారు పెరటి గుమ్మంలోకి వచ్చేరు. తిడతారనుకున్నాను. ‘ఎండన పడి వెళ్తున్నారు, మజ్జిగైనా పుచ్చుకోండి నాయనా’ అన్నారు. నాకండి. నాతోనే అన్నారు. పుచ్చుకోకుండా వచ్చేశాను. పన్నెండేళ్ళయింది, ఏ ఇంట మజ్జిగ తాగినా ఆ మాటే గొంతుకి అడ్డం పడుతోంది. నా గుమ్మంలో కూడా ఒక్కసారి పంక్తి లేస్తే, నేనూ ఆవిడలా నిలబడితే, అది పోతుందేమోనని పిలిచేను. తమరు మీ వంతు చేసేరు. వీళ్ళే లేవలేదు.”

సత్తిరాజుకి ఒళ్ళు మండిపోయింది. ఆ మజ్జిగ మాట తల్లి తనతో ఎన్నడూ చెప్పలేదు. ఆవిడ మంచిమాట ఒకటి ఈ మనిషి దగ్గర ఉండిపోయింది, కొడుకు దగ్గర లేదు. పగవాడు పగ తీర్చుకోమని తలవంచి నిలబడితే అదేం పగ? కొట్టబోతే వీపు ఒగ్గినవాడిని ఏం చేసుకోవాలి?

“నేను మిమ్మల్ని క్షమించను,” అన్నాడు.

“వద్దండి. అడగలేదు,” అన్నాడు భీమరాజు.

తిరుగు పడవలో అంతా ఒడుగు భోజనం చేసినవాళ్ళే. బూరెలు మూడుసార్లు వచ్చాయని, పనసపొట్టులో ఆవ సరిగ్గా కుదిరిందని చెప్పుకుంటూ తేన్చారు. సత్తిరాజు కాళ్ళు ముడుచుకుని ఒక మూల కూర్చున్నాడు. కడుపులో కాలుతోంది.

చివరి ప్రకరణం వెనక్కి తీసుకుందామని అచ్చాఫీసుకి పరుగెత్తాడు. అప్పటికే పత్రిక కుట్టడం కూడా అయిపోయింది. అది బయటికొచ్చిన వారానికి ఉత్తరాలు వచ్చాయి. నవలంతా బాగుందిట, ముగింపే అసహజంగా ఉందిట. ‘ఒకడు లేస్తే నూటయిరవై మంది అన్నం వదిలేయడం ఈ కాలంలో ఎక్కడైనా ఉందా? లోకానుభవం గల సత్తిరాజుగారు ఇలా రాయడం విచిత్రం’ అని ఒక ప్లీడరు రాశాడు. అమ్మిరాజు పంతులు కూడా కాస్త నొచ్చుకుంటూనే అదే రాశాడు. మెచ్చుకుంటూ వచ్చింది ఒకే ఒక్క కార్డు. ఆడపిల్ల చేతిరాత.

‘ముగింపు మూడుసార్లు చదివించుకు విన్నాను. అక్కడైనా పంక్తి లేచింది. సంతోషం. భీమరాజు.’

సత్తిరాజు ఆ కార్డు చేత్తో పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాడు. పాపాయమ్మ విస్తరి వేసి అన్నం వడ్డిస్తోంది. పీట మీద కూర్చుని నీళ్ళు తిప్పి, కార్డు మోకాలి మీద పెట్టుకుని చదివి వినిపించాడు.

“సంతోషంట! వాడికి సంతోషం కలిగించడానికా నేను పదహారు నెలలు రాసింది? వాణ్ణి ఏడిపించడానికి రాస్తే వాడొక్కడికే తృప్తి! అమ్మ కోసం ఒక్క పని... ఒక్క పని చెయ్యలేకపోయాను.”

పాపాయమ్మ పొయ్యి మీంచి గిన్నె దింపింది. మూత తీసింది. గుమ్మడికాయ పులుసు. పన్నెండేళ్ళలో ఆ ఇంట్లో ఆ వాసన రాలేదు.

“ఒక్క మాట అడుగుతాను, కోప్పడకండి,” అంది. “ఆ వేళ గంగలపాలెంలో ఆఖరిదాకా ఎవరూ లేవలేదా?”

“చెప్పానుగా. బూరెలు మూడోసారి వచ్చేదాకా మెక్కారు.”

“అత్తయ్యగారు అడిగేది అదే కదండీ. పంక్తి లేచిందా అని ఒక్కనాడూ అడగలేదు. అందరూ తిన్నారా అని అడిగేవారు.”

సత్తిరాజుకి కోపం నషాళానికి అంటింది. ఎనిమిదేళ్ళుగా పాములా పెంచుకున్నదాన్ని పట్టుకుని ఈవిడ తోకతో సహా అవతల పారేస్తుందా? నేతి గిన్నె పట్టుకుని ఆ గుమ్మంలో నిలబడ్డ మనిషి, మజ్జిగ దాకా ఆగొద్దన్న మనిషి, ఈ మాట అనొచ్చా? విస్తరి చుట్టూ తిప్పిన నీళ్ళు ఇంకా ఆరలేదు. ఆ నీళ్ళ మీదే చెయ్యి ఆనించి లేవబోయాడు.

పాపాయమ్మ గరిటె గిన్నెలో పెట్టేసింది. ఆవిడ ఎప్పుడూ అతని భోజనం అయ్యాకే, అతని విస్తట్లోనే తింటుంది. అతను తినకుండా లేస్తే ఆ పూట ఆవిడకీ పస్తే.

“లేవండి,” అంది. “మీరు లేస్తే లేచే పంక్తి ఈ జిల్లా మొత్తం మీద నేనొక్కదాన్నే మిగిలాను.”

సత్తిరాజు సగం లేచినవాడు సగంలోనే ఆగాడు. భీమరాజు కార్డు మోకాలి మీంచి జారి పీట పక్కన పడింది. దాన్ని తీయలేదు. మెల్లగా మళ్ళీ కూర్చుని, చెయ్యి చాపి, “పులుసు పొయ్యి,” అన్నాడు.